పాత మియాటాలో బ్రేకు శబ్దాలు, ఏసీ లోపాలు: పార్టులు కొనే ముందు పట్టుకోవడం ఎలా

ఎండలు మొదలవగానే డాలస్, హ్యూస్టన్ వైపు మనవాళ్ల నుంచి వాయిస్ మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఈ కీచు ఎక్కణ్నుంచి వస్తోందో విని చెప్పు." విని చెప్పగలిగేది తక్కువ. ఆ శబ్దం ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే ఆగుతోంది అన్న సమాధానాలు దానికంటే ఎక్కువ చెబుతాయి. ఏసీ సంగతీ ఇంతే. "గ్యాస్ అయిపోయినట్టుంది" అని డబ్బా కొనేసేవాళ్లే ఎక్కువ, ముందు ప్రెషర్ చూసేవాళ్లు తక్కువ.

ఇక్కడ రాసింది అమెరికాలో 1990 నుంచి 1997 మోడల్ వరకు అమ్మిన మొదటి తరం మాజ్డా మియాటా (టాప్ దించుకునే రెండు సీట్ల చిన్న కారు) గురించి. రెండో తరం కారుకి కూడా చాలా వరకు పనికొస్తుంది. వీటిలో చాలా కార్లు వారానికోసారి, నెలకోసారి బయటికొచ్చే రెండో కార్లు. అసలు గొడవ అక్కడే ఉంది. కారు కదలకుండా నిలబడితే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుంటాయి, డిస్కు తుప్పు పడుతుంది, ఏసీ కంప్రెసర్ షాఫ్ట్ సీలు ఎండి గ్యాస్ జారిపోతుంది. చాలాసార్లు కొత్త పార్టుతో పనుండదు. ఎక్కడ బిగుసుకుంది, ఎక్కడ కారుతోంది అన్నది తేల్చుకుంటే చాలు.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- జాక్, రెండు జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు
- 21 మిల్లీమీటర్ల సాకెట్, టార్క్ రెంచ్
- 14 మిల్లీమీటర్ల స్పానర్, 4 మిల్లీమీటర్ల అలెన్ కీ (వెనక బ్రేకులకు ఇది లేకపోతే పని జరగదు)
- బ్రేక్ క్లీనర్, సిలికాన్ బ్రేక్ గ్రీజు, వైర్ బ్రష్
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, వంటింట్లో వాడే సన్న థర్మామీటర్ ఒకటి
- మల్టీమీటర్
- ఏసీకి మానిఫోల్డ్ గేజ్ సెట్ (గ్యాస్ ప్రెషర్ చూపించేది), కళ్లద్దాలు, గ్లవ్స్
- నోట్‌బుక్కు, పెన్ను

కారు లేపేటప్పుడు జాక్‌ను ముందు క్రాస్‌మెంబర్ మధ్యలో, వెనక డిఫరెన్షియల్ కింద పెట్టండి. తలుపు కింద అంచున ఎక్కడ పడితే అక్కడ పెడితే ఆ రేకు ముడుచుకుపోతుంది. అమ్మకానికి వచ్చే మియాటాల్లో సగం అలా ముడుచుకున్నవే కనిపిస్తాయి. స్టాండ్లు పెట్టకుండా కారు కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు. వెనక బ్రేకులు చూసేటప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలేయాలి కాబట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి.

2. చక్రం విప్పే ముందు రోడ్డు మీద వినండి

ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్లండి. టాప్ దించండి, రేడియో, ఏసీ రెండూ ఆపండి. ఏసీ ఆపమన్నది ఊరికే కాదు. కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంపు ఒకే బెల్టు మీద తిరుగుతాయి. ఆ బెల్టు వదులైతే వచ్చే కీచుకీ బ్రేకు కీచుకీ తేడా సీట్లో కూర్చున్నవాళ్లకి తెలియదు.

తర్వాత ఈ వరసలో చూడండి.

- నిలబెట్టిన కారులో ఇంజిన్ రేజ్ చేయండి. శబ్దం వస్తే అది బ్రేకు కాదు. సైలెన్సర్ గొట్టం మీది వేడి రేకు వదులై ఒక ఆర్‌పీఎం దగ్గర జుమ్మని మోగడం ఈ కార్లలో మామూలే.
- గంటకు 20 మైళ్లలో న్యూట్రల్‌లో వదిలేయండి. చక్రం వేగంతో పాటు శబ్దం తగ్గుతుంటే చక్రాల దగ్గరే ఏదో ఉంది.
- అదే వేగంలో పెడల్ మీద కాలు ఆనించీ ఆనించకుండా పెట్టండి. శబ్దం ఆగిపోతే ప్యాడ్ వదులుగా కొట్టుకుంటోంది. పెరిగితే ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య గొడవ.
- మెల్లగా ఎడమకీ కుడికీ ఊగిస్తూ నడపండి. కుడికి తిప్పినప్పుడు గురగుర పెరిగితే బరువు పడిన ఎడమ చక్రం బేరింగ్‌ను అనుమానించండి. బ్రేకుకి సంబంధం లేదు.
- ఒకసారి ముందుకు వెళ్లి బ్రేకు, వెంటనే వెనక్కి వెళ్లి బ్రేకు వేయండి. దిశ మారిన ప్రతిసారీ ఒక్క "టక్" వస్తే ప్యాడ్ తన గాడిలో జారుతోంది, లేదా కాలిపర్ బోల్టు వదులైంది.

గోడ పక్కనుంచి నడిపితే ఏ వైపు నుంచో తెలుస్తుంది. ఒకసారి గోడ ఎడమ వైపు, ఒకసారి కుడి వైపు ఉండేలా వెళ్లండి.

చివరగా ఓ పది నిమిషాలు మామూలుగా నడిపి, ఆఖరి అరమైలు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ వచ్చి ఆపండి. నాలుగు డిస్కుల వేడీ థర్మామీటర్‌తో చూసి రాసుకోండి. ముందువి వెనకవాటి కంటే వేడిగా ఉండటం సహజం. ఎడమకీ కుడికీ మధ్య పెద్ద తేడా ఉంటే మాత్రం వేడెక్కిన వైపు బ్రేకు పట్టేసుకుని ఉంది. నా మటుకు ఈ నాలుగు అంకెలు గంటసేపు వినడం కంటే ఎక్కువ చెబుతాయి.

3. ఏ శబ్దానికి ఏ అనుమానం

*ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకి గరగర, తర్వాత మాయం.* రాత్రి మంచుకో, కడిగిన నీళ్లకో డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు. ఏమీ చేయక్కర్లేదు.

*సన్నటి కీచు, బ్రేకు వేసినప్పుడే.* ప్యాడ్ పైభాగం నున్నగా అద్దంలా మారి ఉండొచ్చు, ప్యాడ్ వెనక షిమ్ (పల్చటి రేకు) లేకపోవచ్చు, ప్యాడ్ చెవులు కూర్చునే చోట గ్రీజు లేకపోవచ్చు.

*సన్నటి కీచు, బ్రేకు వేయకపోయినా.* ప్యాడ్ అరిగిందని చెప్పే ఇనుప రేకు డిస్కును తాకుతోంది. ఈ వారాంతం దాటనివ్వొద్దు.

*ఇనుము మీద ఇనుము రాసుకునే గర్రు.* ప్యాడ్ అయిపోయింది. ఇక నడపొద్దు, టో చేయించండి.

*చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక జర్రు.* డిస్కు వెనక దుమ్ము రేకు వంగి తాకుతుండొచ్చు, రేకుకీ డిస్కుకీ మధ్య రాయి ఇరుక్కుని ఉండొచ్చు. న్యూజెర్సీ, మిషిగన్‌లలో శీతాకాలపు ఉప్పు తిన్న కార్లలో ఈ రేకు తుప్పుతో చిల్లులు పడి వేలాడుతుంటుంది.

*శబ్దం లేదు గానీ పెడల్ కాలి కింద కొట్టుకుంటోంది.* డిస్కు మందం అన్ని చోట్లా ఒకేలా లేదు, లేదా డిస్కుకీ, అది కూర్చునే హబ్‌కీ మధ్య తుప్పు ఉండి డిస్కు ఒంకరగా కూర్చుంది. డయల్ గేజ్‌తో చూస్తే అటూఇటూ ఊగడం 0.1 మిల్లీమీటర్ దాటకూడదు. కొత్త డిస్కు కొనే ముందు పాతది తీసి, హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో రుద్ది, మళ్లీ బిగించి కొలవండి.

4. చక్రం విప్పాక ప్యాడ్లు చదవండి

బ్రేకు దుమ్మును గాలితో ఊదొద్దు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి. అనుమానం వస్తే చూసుకోవడానికి రెండో వైపు అలాగే ఉంటుంది. కాలిపర్‌ను దానికి బ్రేకు ద్రవం తెచ్చే రబ్బరు హోస్ మీద వేలాడదీయకండి, వైరుతో కట్టండి.

ఇప్పుడు లోపలి ప్యాడ్‌నీ బయటి ప్యాడ్‌నీ పక్కపక్కన పెట్టండి. ఇవి జారే కాలిపర్లు. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నేరుగా నొక్కుతుంది, బయటి ప్యాడ్ మాత్రం కాలిపర్ మొత్తం పిన్నుల మీద జారితేనే పనిచేస్తుంది. అందుకే అరుగుదల చూస్తే కారణం తెలిసిపోతుంది.

- లోపలిది బాగా అరిగి, బయటిది అలాగే ఉంటే: పిన్నులు బిగుసుకున్నాయి.
- ఒకే ప్యాడ్ ఒక చివర పల్చగా, ఇంకో చివర మందంగా ఉంటే: రెండు పిన్నుల్లో ఒకటి కదలడం లేదు.
- ఒక చక్రంలో రెండూ అరిగి, ఎదుటి చక్రంలో రెండూ బాగుంటే: పిస్టన్ లేదా హోస్.

ప్యాడ్ పదార్థం 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేయండి. డిస్కు కనీస మందం దాని మీదే అచ్చుగుద్ది ఉంటుంది. తుప్పు వల్ల కనపడకపోతే మాన్యువల్‌లో చూడండి.

5. స్లైడర్ పిన్నులు: ఇక్కడ తొందరపడొద్దు

పాత కారు బ్రేకుల గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. అయినా ప్యాడ్లు మార్చి పిన్నులు ముట్టుకోకుండా పంపేసే షాపులే ఎక్కువ.

పిన్ను బయటికి లాగి వెలుతురులో తిప్పి చూడండి. మంచి పిన్ను నున్నగా, పల్చటి గ్రీజుతో జారుగా ఉంటుంది. పాడైనదాని మీద గ్రీజు ముదురు గోధుమ రంగులో గట్టిపడి, గోటితో గీకితే పెచ్చులుగా రాలుతుంది. రబ్బరు బూటు చిరిగిన చోట సరిగ్గా ఒక వలయంలా తుప్పు మరక ఉంటుంది. గోరు ఆ మరక మీద తట్టుకుంటే పిన్ను మార్చాల్సిందే. తట్టుకోకపోతే శుభ్రం చేసి వాడొచ్చు.

కాలిపర్‌లోని రంధ్రాన్ని కూడా క్లీనర్‌తో పూర్తిగా కడిగి ఆరనివ్వండి. సిలికాన్ బ్రేక్ గ్రీజు పల్చగా రాయండి. మామూలు పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బించి, మళ్లీ అదే బిగుతు తెస్తుంది. పిన్ను పెట్టి వేలితో నొక్కి వదలండి, లోపలి గాలికి మెల్లగా వెనక్కి రావాలి. టక్కున ఆగిపోతే గ్రీజు ఎక్కువైంది.

పిన్నులు బాగానే ఉండి చక్రం ఇంకా పట్టేసుకుంటుంటే ఇంకో పరీక్ష ఉంది. పెడల్ నొక్కి వదలండి. చక్రం తిరగకపోతే కాలిపర్ మీది బ్లీడర్ స్క్రూ (గాలి తీసేది) కొంచెం తెరవండి. ద్రవం చిమ్మి చక్రం వదులైతే ప్రెషర్ వెనక్కి వెళ్లడం లేదన్నమాట. పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బిందేమోనని ముందు చూడండి. తెరిచినా వదులవకపోతే పిస్టనే ఇరుక్కుంది. బ్లీడర్ తెరిచాక గాలి తీయడం మర్చిపోవద్దు. బ్రేకు ద్రవం మాజ్డా చెప్పింది డాట్ 3, డాట్ 4 కూడా వాడొచ్చు. డాట్ 5 సిలికాన్‌ది, వీటితో కలపకూడదు.

6. వెనక కాలిపర్: క్లాంపుతో నొక్కొద్దు

మియాటా వెనక కాలిపర్‌లో హ్యాండ్ బ్రేకు యంత్రాంగం కూడా లోపలే ఉంటుంది. ముందు పిస్టన్‌లా సీ-క్లాంపుతో బలంగా నొక్కితే లోపలి భాగం దెబ్బతింటుంది. పద్ధతి ఇదీ.

1. హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదలండి.
2. కాలిపర్ వెనక 14 మిల్లీమీటర్ల తలతో ఒక బోల్టు ఉంటుంది. అది మూత మాత్రమే. తీయండి.
3. దాని లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ స్క్రూ ఉంటుంది. ఎడమకి తిప్పితే పిస్టన్ లోపలికి వెళ్తుంది.
4. కొత్త ప్యాడ్లు పెట్టి, స్క్రూను కుడికి తిప్పుతూ డిస్కు కదలకుండా పట్టుకునే దాకా తీసుకెళ్లండి.
5. అక్కణ్నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. చక్రం చేత్తో హాయిగా తిరగాలి.
6. మూత బోల్టు పెట్టేయండి.

ఈ సర్దుబాటు చేయకుండా హ్యాండ్ బ్రేకు కేబుల్ ఒక్కటే బిగించేవాళ్లు చాలామంది. దాంతో కాలిపర్ మీది లివర్ తన విశ్రాంతి చోటుకి రాదు, వెనక ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటాయి. రెండో విభాగంలో వెనక డిస్కు ఒకటి వేడిగా కనిపించి ఉంటే, ముందు ఆ లివర్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో చూడండి.

7. బిగించాక

- చక్రం నట్లు ఎదురెదురుగా, 65 నుంచి 87 ఫుట్-పౌండ్ల మధ్య టార్క్ రెంచ్‌తో. మిగతా బోల్టులు మాన్యువల్ ప్రకారం.
- కారు కదిపే ముందు పెడల్ గట్టిపడే దాకా నొక్కండి. మొదటి నొక్కు నేల దాకా వెళ్తుంది. అది గ్యారేజీలోనే జరగాలి, వీధి చివర కాదు.
- ఖాళీ రోడ్డు మీద 35 మైళ్ల నుంచి 5 మైళ్లకి, పూర్తిగా ఆపకుండా ఎనిమిది పది సార్లు తగ్గించండి. తర్వాత బ్రేకు వాడకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి.
- అదే పార్కింగ్ లాట్‌లో అవే పరీక్షలు మళ్లీ చేయండి.

8. ఏసీ: గేజ్ తగిలించే ముందు

ముందు గాలి వస్తోందా, చల్లదనం వస్తోందా అన్నవి విడిగా చూడండి. బ్లోయర్ ఆఖరి స్పీడులోనే తిరుగుతుంటే దాని స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయింది, గ్యాస్‌తో సంబంధం లేదు. అన్ని స్పీడుల్లోనూ గాలి నీరసంగా ఉంటే, గాలిని చల్లబరిచే ఎవాపొరేటర్ చెత్తతో నిండి ఉంటుంది. ఈ కారులో క్యాబిన్ ఫిల్టర్ లేదు, అద్దం కింది జాలీలోంచి వచ్చిన ఆకులూ దుమ్మూ నేరుగా దాని మీదే చేరతాయి.

ప్యాసింజర్ కాళ్ల దగ్గర తడి ఉంటే అది ఏసీ నడిపాక వచ్చిందా, వాన తర్వాత వచ్చిందా చూడండి. ఏసీ తర్వాతైతే ఎవాపొరేటర్ డ్రెయిన్ గొట్టం మూసుకుంది. వాన తర్వాతైతే సాఫ్ట్ టాప్ వెనక మూలల్లోని డ్రెయిన్లు చూడండి.

వేడి గాలి కలుస్తోందేమో కూడా గమనించండి. టెంపరేచర్ కంట్రోల్ నుంచి లోపలి తలుపుకి వెళ్లే కేబుల్ కొంచెం తప్పినా ఏసీ ఎంత బాగున్నా వెంట్ చల్లబడదు.

9. కంప్రెసర్ క్లచ్, ఫ్యాన్లు

ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేయండి. బానెట్ కింద కంప్రెసర్‌ను పుల్లీకి కలిపే క్లచ్ "టిక్" మని వినపడాలి, కంప్రెసర్ పుల్లీ ముందున్న పళ్లెం కూడా తిరగాలి, రేడియేటర్ వెనక రెండు ఫ్యాన్లూ పనిచేయాలి. కారు పరిగెత్తేటప్పుడు చల్లగా, సిగ్నల్ దగ్గర వేడిగా వస్తుంటే తొంభై శాతం ఫ్యానే. లేదా గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, ఈకలు.

పళ్లెం తిరగకపోతే క్లచ్ వైరు దగ్గర మల్టీమీటర్ పెట్టండి.

- 12 వోల్టులు వస్తున్నా పట్టకపోతే: కాయిల్ పోయింది, లేదా క్లచ్ మధ్య సందు ఎక్కువైంది. చల్లగా ఉన్నప్పుడు పట్టి, వేడెక్కాక వదిలేస్తుంటే సందునే అనుమానించండి. లోపలి సన్న షిమ్ ఒకటి తీస్తే కంప్రెసర్ మార్చకుండా బయటపడొచ్చు.
- కరెంటే రాకపోతే: ఫ్యూజు, రిలే, ఆ తర్వాత ప్రెషర్ స్విచ్. గ్యాస్ బాగా తగ్గితే ఆ స్విచ్ కంప్రెసర్‌ను కావాలనే ఆపుతుంది. దాన్ని వైరుతో దాటించి నడపడం నూనె లేకుండా కంప్రెసర్‌ను తిప్పడమే.

10. ప్రెషర్ చదవడం

ముందు బానెట్ కింది లేబుల్ చూడండి. 1993 వరకు మోడళ్లు ఆర్-12 అనే గ్యాస్‌తో వచ్చాయి, 1994 నుంచి ఆర్-134ఏతో. మధ్యలో ఏ ఓనరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి వాల్వులు కూడా చూడండి. ఈ రెంటినీ కలపకూడదు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆపి ఉన్న కారులో గేజ్ పెట్టండి. ఆర్-134ఏ ప్రెషర్ బయటి వేడిని బట్టి ఉంటుంది: 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దాదాపు 71 పీఎస్ఐ, 80కి 87, 90కి 104, 100కి 124. దీనికి బాగా తక్కువుంటే గ్యాస్ దాదాపు ఖాళీ. ఇక్కడ చాలామంది పొరబడతారు. సరైన అంకె చూపించినంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా ప్రెషర్ అంతే చూపిస్తుంది.

తర్వాత తలుపులు తెరిచి, బ్లోయర్ ఫుల్ పెట్టి, 1500 ఆర్‌పీఎం దగ్గర చూడండి. 90 డిగ్రీల రోజున తక్కువ ప్రెషర్ వైపు (కింద 'తక్కువ వైపు') 30 నుంచి 45, ఎక్కువ ప్రెషర్ వైపు ('ఎక్కువ వైపు') 200 నుంచి 250 పీఎస్ఐ మధ్య ఉంటే మామూలే.

- రెండూ తక్కువ: గ్యాస్ తక్కువ.
- తక్కువ వైపు అంకె ఎక్కువ, ఎక్కువ వైపు అంకె తక్కువ: కంప్రెసర్ నొక్కడం లేదు.
- తక్కువ వైపు సున్నాకో వ్యాక్యూమ్‌కో పడిపోతోంది: ఎవాపొరేటర్‌కి గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుంది, లేదా తేమ గడ్డకట్టింది.
- రెండూ ఎక్కువ: గ్యాస్ ఎక్కువ నింపారు, ఫ్యాన్ లేదు, లేదా లోపల గాలి చేరింది. ముందు కండెన్సర్ మీద పైపుతో నీళ్లు చల్లండి. ప్రెషర్ గబుక్కున తగ్గితే గాలి తగలకపోవడమే కారణం.

వెంట్‌లో థర్మామీటర్ పెట్టి ఆ అంకె కూడా రాసుకోండి. హ్యూస్టన్ ఉక్కలో ఏ కారు వెంటూ ఫీనిక్స్ పొడి గాలిలో వచ్చినంత చల్లదనం ఇవ్వదు. అది లోపం కాదు.

11. కారుతున్న చోటు

గ్యాస్‌తో పాటు కొంచెం నూనె కూడా బయటికొస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. టార్చి వేసి కండెన్సర్ పక్కనున్న గొట్టాల కీళ్లను చూడండి. చుట్టూ అంతా పొడి దుమ్ము, ఒక్క కీలు కింద మాత్రం నల్లగా జిడ్డుగా మరక కనిపిస్తే ఓ-రింగ్ (రబ్బరు ఉంగరం) పోయింది. పది నిమిషాల పని, కొన్ని సెంట్ల ఓ-రింగ్. కంప్రెసర్ ముందు వైపు క్లచ్ చుట్టూ నూనె చిమ్మినట్టుంటే షాఫ్ట్ సీలు. తేలకపోతే యూవీ డై (యూవీ లైటులో మెరిసే రంగు) వేయించండి. సబ్బు నీళ్లు పెద్ద లీకులకే పనికొస్తాయి.

లీకు మూసే ద్రవం డబ్బాలు కొనకండి. అవి ఎక్స్‌పాన్షన్ వాల్వును మూసేయగలవు, షాపులో గ్యాస్ లాగే రికవరీ మిషన్‌ను పాడుచేయగలవు. అది వేశారని తెలిస్తే చాలా షాపులు కారే ముట్టుకోవు.

12. తిరిగి నింపడం, షాపుకి ఇవ్వడం

ఉన్న గ్యాస్‌ను గాలిలోకి వదిలేయడం అమెరికాలో చట్టవిరుద్ధం. షాపులో రికవరీ చేయించి, ఆ తర్వాతే గొట్టాలు విప్పండి. ఆర్-12 కొనాలంటే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సెక్షన్ 609 సర్టిఫికెట్ కావాలి. పుస్తకం దగ్గర పెట్టుకుని ఆన్‌లైన్‌లో రాయగలిగిన పరీక్షే అది. ఆర్-12 కారును ఆర్-134ఏకి మార్చాలంటే పాత నూనె తీసి ఎస్టర్ నూనె, కొత్త డ్రయ్యర్ (తేమ పీల్చే డబ్బా), కొత్త ఓ-రింగ్‌లు, కొత్త వాల్వు ఫిట్టింగ్‌లు, లేబుల్ అన్నీ కావాలి. గ్యాస్ పాత బరువులో 80 నుంచి 90 శాతం చాలు.

సిస్టమ్ తెరిచి ఉంచితే డ్రయ్యర్ మార్చండి. వ్యాక్యూమ్ పంపు 45 నిమిషాలు నడిపి, వాల్వులు మూసి అరగంట ఆగండి. సూది కదలకూడదు. కదిలిందంటే లీకు ఇంకా ఉంది, గ్యాస్ పోయొద్దు.

నింపేటప్పుడు ప్రెషర్‌ను కాదు, బరువును నమ్మండి. డబ్బాను తూకం మీద పెట్టి లేబుల్‌లో ఉన్నంతే పోయండి. డబ్బాను ఎప్పుడూ తక్కువ వైపుకే తగిలించాలి, ఎక్కువ వైపుకి పెడితే పేలొచ్చు. కళ్లద్దాలు తీయొద్దు.

షాపుకే ఇస్తే, బిల్లు మీద ఇవి రాసిమ్మని ముందే చెప్పండి:

- తీసిన గ్యాస్ బరువు, నింపిన గ్యాస్ బరువు
- పోసిన నూనె రకం, కొలత
- వ్యాక్యూమ్ ఎంతసేపు నిలిచింది
- రెండు వైపులా ప్రెషర్లు, వెంట్ టెంపరేచర్, ఆ రోజు బయటి వేడి

తీసిన బరువు ఎంతో చెప్పలేని షాపు లీకు ఎంత పెద్దదో కూడా చెప్పలేదు. ఆ కాగితాన్ని మీ నోట్‌బుక్కులో మీరు రాసుకున్న అంకెల పక్కన పెట్టుకోండి. వచ్చే వేసవిలో మళ్లీ గేజ్ తగిలించినప్పుడు పోల్చుకోవడానికి అదే కావాలి. ఈలోగా చలికాలంలో కూడా వారానికోసారి కారు తీసి పది నిమిషాలు ఏసీ నడపండి. గడ్డకట్టే చలి ఉన్న రోజున కంప్రెసర్ పట్టదు కాబట్టి కాస్త ఎండ కాసిన పూట చూసుకోండి.